ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో స్థానాల ప్రాధాన్యం

అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు ఏటా ఏప్రిల్ నెలాఖరున కాలేజీ ఆటగాళ్లను వంతుల వారీగా ఎంచుకుంటాయి. ఈ పద్ధతినే డ్రాఫ్ట్ అంటారు. కిందటి సీజన్లో అందరికన్నా వెనకబడిన జట్టుకు మొదటి వంతు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టుకు చివరి వంతు. ఇలా ఏడు రౌండ్లు నడుస్తుంది. బలవంతుల చేతిలోనే బలం పోగుపడకూడదన్న ఉద్దేశంతో ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్ చేసిన ప్రతిపాదన ఇది. 1936లో అమల్లోకి వచ్చింది. తెలుగువారికి బాగా తెలిసిన ఐపీఎల్ వేలానికీ దీనికీ మౌలికమైన తేడా ఒకటుంది. వేలంలో ఆటగాడి ధర అక్కడికక్కడ పాటలో తేలుతుంది. డ్రాఫ్ట్‌లో ధర దాదాపుగా ముందే ఖాయమై ఉంటుంది. అది ఆటగాడి పేరును బట్టి గానీ, అతను ఆడే స్థానాన్ని బట్టి గానీ మారదు. ఎన్నో నంబరు మీద ఎంపికయ్యాడన్నదే లెక్క. ఏ స్థానానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలన్న చర్చకు కీలకమంతా ఈ ఒక్క నిబంధనలోనే ఉంది. అభిమానులు, చాలామంది విశ్లేషకులు ‘మన జట్టుకు ఏం లోటుంది’ అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ‘బజారులో మనం కొనలేనిది ఏది’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టడమే సబబని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఆట తెలియనివారికి రెండు మాటలు. జట్టులో 53 మంది ఉంటారు, మైదానంలోకి ఒకసారికి పదకొండుగురు దిగుతారు. దాడి చేసే పదకొండుగురు వేరు, అడ్డుకునే పదకొండుగురు వేరు. బంతి అందుకుని దాన్ని విసరాలో, పరుగుకు ఇవ్వాలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. అతనికి అడ్డుగా గోడలా నిలబడే ఐదుగురిలో రెండు కొసలా టాకిళ్లు, లోపల గార్డులు, నడిమధ్య సెంటర్. విసిరిన బంతిని అందుకునేవాళ్లు వైడ్ రిసీవర్లు, టైట్ ఎండ్. బంతి చంకన పెట్టుకుని దూసుకుపోయేవాడు రన్నింగ్ బ్యాక్. అవతలి పక్షంలో కొస నుంచి చుట్టుతిరిగి క్వార్టర్‌బ్యాక్ మీద పడేవాడు ఎడ్జ్ రషర్, మధ్యలోంచి తోసుకొచ్చేవాడు డిఫెన్సివ్ టాకిల్, రిసీవర్‌ను నీడలా వెంటాడేవాడు కార్నర్‌బ్యాక్. నడుమ కాపలా లైన్‌బ్యాకర్‌ది, వెనక కాపలా సేఫ్టీది.

జీతం లెక్క

2010 వరకు డ్రాఫ్ట్ ఎంపికలకు జీతం బేరమాడి తేల్చుకునేవారు. ఆ ఏడాది సెయింట్ లూయిస్ రామ్స్ మొదటి నంబరు మీద తీసుకున్న శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు, అందులో 5 కోట్లు హామీగా ఒప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికి అతను వృత్తి ఆటలో ఒక్క బంతీ విసరలేదు. 2011లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం ఈ బేరాన్ని దాదాపు మూసేసింది. ఆ ఏడు మొదటి ఎంపిక క్యామ్ న్యూటన్‌కు దక్కింది నాలుగేళ్లకు 2.2 కోట్లు. అప్పటి నుంచి ప్రతి నంబరుకూ ఒక ధర, నాలుగేళ్ల గడువు. మొదటి రౌండు ఆటగాడినైతే ఐదో ఏడు కూడా అట్టిపెట్టుకునే హక్కు జట్టుకుంటుంది. దీనికి తోడు జట్టు మొత్తం జీతాల మీద 1994లో వచ్చిన పరిమితి ఉంది. 2024లో అది 25.54 కోట్ల డాలర్లు. యజమాని ఎంత కుబేరుడైనా అంతకు మించి జీతాలివ్వడానికి వీల్లేదు. కాబట్టి ఒక ఆటగాడి మీద మిగిల్చిన ప్రతి డాలరూ మరొకరిని కొనడానికి పనికొస్తుంది.

ఈ రెండు నిబంధనలనూ పక్కపక్కన పెడితే అసలు విషయం బయటపడుతుంది. 2024లో షికాగో బేర్స్ మొదటి నంబరు మీద తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్‌కు నాలుగేళ్లకు కలిపి దాదాపు 3.95 కోట్లు. అంటే ఏడాదికి కోటి లోపే. అదే ఏడాది సెప్టెంబరులో డాలస్ కౌబాయ్స్ తమ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌తో కుదుర్చుకున్న ఒప్పందం ఏడాదికి 6 కోట్లు. విలియమ్స్ అంతటివాడు కాకపోయినా, మామూలుగా పనికొచ్చే క్వార్టర్‌బ్యాక్ అయినా సరే, బేర్స్‌కు ఏటా కోట్లు మిగులుతాయి. మిగతా స్థానాల ధరలు చూడాలంటే లీగ్ ఏటా ప్రకటించే ఫ్రాంచైజ్ ట్యాగ్ మొత్తాలు చూడొచ్చు. ఒప్పందం ముగిసిన ఆటగాడిని ఇంకో ఏడాది కట్టిపడేసుకోవడానికి చెల్లించే జీతమిది. ఆ స్థానంలో ఎక్కువ తీసుకుంటున్నవారి జీతాల సగటు మీద దీన్ని లెక్కగడతారు. 2024లో క్వార్టర్‌బ్యాక్‌కు 3.83 కోట్లు, డిఫెన్సివ్ టాకిల్‌కు 2.21, వైడ్ రిసీవర్‌కు 2.18, డిఫెన్సివ్ ఎండ్‌కు 2.13, దాడి గోడకు 2.10, కార్నర్‌బ్యాక్‌కు 1.98, సేఫ్టీకి 1.71, టైట్ ఎండ్‌కు 1.27, రన్నింగ్ బ్యాక్‌కు 1.20 కోట్లు. కిక్కర్‌కు 60 లక్షలు. ఈ పట్టికను కళ్లు మూసుకుని నమ్మకూడదు. దాడి గోడలో టాకిల్, గార్డ్, సెంటర్ ముగ్గురినీ ఒకే గాటన కట్టారు, పై జీతాలు మాత్రం ఎక్కువగా టాకిళ్లవే. లైన్‌బ్యాకర్ల మొత్తం 2.40 కోట్లకు పెరగడానికి కారణం కొందరు ఎడ్జ్ రషర్లను ఆ ఖాతాలో వేయడమే. ఈ తప్పులు సరిచేసుకుని చదివితే వరస స్పష్టంగానే ఉంది: బంతి విసిరేవాడు, అతన్ని కాపాడేవాడు, అతని మీద పడేవాడు, బంతి అందుకునేవాడు, ఆ అందుకునేవాణ్ని అడ్డుకునేవాడు.

ఇప్పుడు 2018 డ్రాఫ్ట్‌లో రెండో నంబరు చూద్దాం. న్యూయార్క్ జెయింట్స్ రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్లీని తీసుకున్నారు. నాలుగేళ్లకు దాదాపు 3.12 కోట్లు. అడుగుపెట్టిన రోజే అతను ఆ స్థానంలో లీగ్ మొత్తం మీద ఎక్కువ జీతం తీసుకునేవాళ్లలో ఒకడయ్యాడు. ఆ తర్వాతి నంబరులో జెట్స్ తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నోల్డ్‌కు 3.02 కోట్లు, ఆ స్థానంలో అది చవకబేరం. బార్క్లీ ఆటకు వంక పెట్టలేం. మొదటి ఏడాదే పరుగుల్లోనూ, బంతి అందుకోవడంలోనూ కలిపి 2,028 గజాలు సంపాదించి, దాడి విభాగంలో ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి గెలిచాడు. జట్టు మాత్రం 16 ఆటల్లో అయిదే గెలిచింది. తర్వాతి మూడేళ్లలో నాలుగు, ఆరు, నాలుగు. మధ్యలో 2020 సెప్టెంబరులో అతని మోకాలు దెబ్బతింది. ఆ డ్రాఫ్ట్‌లోనే 35వ నంబరులో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ నిక్ చబ్ అనే మరో రన్నింగ్ బ్యాక్‌ను తీసుకున్నారు, బార్క్లీ ధరలో నాలుగో వంతుకు. చబ్ మొదటి ఏడాది 996 గజాలు, రెండో ఏడాది 1,494 గజాలు పరుగెత్తాడు. జెయింట్స్ తప్పుగా అంచనా వేసింది ఆటగాణ్ని కాదు, స్థానాన్ని.

ధరే ప్రమాణమా?

దీనికి మొదట వచ్చే అభ్యంతరం గట్టిదే. జీతాలు పెట్టేదీ జట్లే, డ్రాఫ్ట్‌లో ఎంచుకునేదీ జట్లే. ఒక పొరపాటును ఇంకో పొరపాటుకు సాక్ష్యంగా చూపిస్తే ఎలా? బజారు ధరలు పొరపాటు కావచ్చు, నిజమే. అయితే ఈ ధరల వెనక ఆట నిబంధనల చరిత్ర ఉంది. 1978లో లీగ్ రెండు మార్పులు చేసింది. రిసీవర్‌ను మొదటి ఐదు గజాలు దాటాక చేయి వేసి ఆపకూడదంది. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడేవాళ్లు చేతులు చాచి, అరచేతులు తెరిచి నెట్టవచ్చంది. అక్కడి నుంచి ఆట పరుగు నుంచి పాస్ వైపు మొగ్గింది. ఇవాళ ఒక్కో పరుగుకు సగటున నాలుగు గజాలకు కాస్త పైన వస్తుంటే, ఒక్కో పాస్ ప్రయత్నానికి, శాక్‌ల (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) నష్టం తీసేసినా, ఆరు గజాల దరిదాపుల్లో వస్తోంది. పాస్‌ను మెరుగుపరిచేవాడికి, దాన్ని చెడగొట్టేవాడికి ఎక్కువ జీతం రావడం మోజు కాదు, లెక్క. విచిత్రమేమిటంటే, నిబంధనలు మారిన ఆ 1978లోనే హ్యూస్టన్ ఆయిలర్స్ మొదటి నంబరు కోసం టాంపా బేతో మార్పిడి చేసుకుని మరీ రన్నింగ్ బ్యాక్ ఎర్ల్ క్యాంప్‌బెల్‌ను తీసుకున్నారు. కిందికి దిగిన టాంపా బే 17వ నంబరులో క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్‌ను ఎంచుకుంది. నిబంధన మారినా అలవాటు మారడానికి దశాబ్దాలు పట్టింది.

అయినా ఒక్క ధరే చూస్తే దారి తప్పుతాం. ఆ స్థానంలో పనికొచ్చే ఆటగాడు ఎంత కింది రౌండ్ల దాకా దొరుకుతాడన్నది రెండో కొలమానం. వైడ్ రిసీవర్ల సంగతే తీసుకోండి. జీతాల్లో వాళ్లు పైవరసలో ఉన్నారు. కానీ 2019లో డీబో శామ్యూల్ 36, ఎ.జె.బ్రౌన్ 51, డీకే మెట్‌కాఫ్ 64వ నంబర్లలో దొరికారు. 2021లో అమన్-రా సెయింట్ బ్రౌన్ 112లో, 2023లో పూకా నాకువా 177లో దొరికారు. కాలేజీ ఆటంతా పాస్ మయమైపోయాక రిసీవర్ల పంట విరగకాస్తోంది. టైట్ ఎండ్‌లదీ ఇదే కథ. గ్రాంకౌస్కీ 42, ట్రావిస్ కెల్సీ 63, జార్జ్ కిటిల్ 146. ఆంటోనియో గేట్స్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనే లేదు. భారీ శరీరంతో చురుగ్గా పాదాలు కదిపే టాకిల్, గోడ కొసను కోసుకుంటూ వచ్చే ఎడ్జ్ రషర్ మాత్రం పై నంబర్లు దాటితే అంత తేలిగ్గా దొరకరు. అందుకే మొదటి పది నంబర్లలో ఇద్దరూ సరిసమానంగా కనిపిస్తే రిసీవర్ కన్నా ఎడ్జ్ రషర్ వైపు మొగ్గడం మేలు. ఇక కిక్కర్. 2016లో టాంపా బే రెండో రౌండులో, 59వ నంబరు ఖర్చుపెట్టి రొబెర్టో అగ్వాయోను తెచ్చుకుంది, ఒక్క సీజనుకే వదిలేసింది. ఆ తరంలో మేటి అనిపించుకున్న జస్టిన్ టక్కర్‌ను 2012 డ్రాఫ్ట్‌లో ఎవరూ ముట్టుకోలేదు. ఇంతకన్నా చెప్పాల్సిందేమీ లేదు.

పైవరస స్థానమే కదా అని అదే స్థానాన్ని గుడ్డిగా పోగేసుకున్నా ఫలితం ఉండదు. డెట్రాయిట్ లయన్స్ మాట్ మిలెన్ హయాంలో 2003లో రెండో నంబరు, 2004లో ఏడు, 2005లో పది, 2007లో మళ్లీ రెండు, ఇన్ని విలువైన ఎంపికలనూ రిసీవర్ల మీదే పెట్టింది. నలుగురిలో కాల్విన్ జాన్సన్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. 2008లో జట్టు మాత్రం 16కు 16 ఆటలూ ఓడింది. బంతి విసిరేవాడు లేనప్పుడు అందుకునేవాళ్లు ఎందరుంటే ఏం?

సిన్సినాటి ఎంపిక

ఈ చర్చ మొత్తం ఒక్కచోట కళ్లకు కట్టిన సందర్భం 2021 డ్రాఫ్ట్‌లో అయిదో నంబరు. సిన్సినాటి బెంగాల్స్ అంతకుముందు ఏడాది మొదటి నంబరులో క్వార్టర్‌బ్యాక్ జో బర్రోను తెచ్చుకుంది. కాపాడే గోడ బలహీనం. నవంబరులో అతని మోకాలి లిగమెంట్లు తెగాయి. కాబట్టి ఒరెగాన్ టాకిల్ పెనే సూయెల్‌ను తీసుకోవాలని సగంమంది, కాలేజీలో బర్రోతో కలిసి ఆడిన రిసీవర్ జమార్ చేజ్‌ను తీసుకోవాలని సగంమంది. లోటు చూస్తే సూయెల్. జట్టు చేజ్‌ను తీసుకుంది. అతను మొదటి ఏడాదే 1,455 గజాలు, 13 టచ్‌డౌన్లు సాధించాడు, జట్టు సూపర్ బౌల్ దాకా వెళ్లింది. దారిలో బర్రో మామూలు సీజన్లోనే 51 సార్లు శాక్ అయ్యాడు, టెనెసీ టైటన్స్‌తో ప్లేఆఫ్ ఆటలో 9 సార్లు, రామ్స్‌తో సూపర్ బౌల్‌లో 7 సార్లు. ఆ ఆట చివర్లో బెంగాల్స్ 20–23తో వెనకబడి, చివరి ప్రయత్నమైన నాలుగో డౌన్‌లో ఒక్క గజం కావాల్సిన చోట ఉంది. బంతి కదిలిన మరుక్షణం రామ్స్ డిఫెన్సివ్ టాకిల్ ఆరన్ డొనాల్డ్ గార్డును పక్కకు నెట్టి బర్రో చొక్కా పట్టి గిర్రున తిప్పేశాడు. బంతి ఎవరికీ అందకుండా నేలపడింది. అటు మైదానం లోతున చేజ్ తనను కాపుకాసిన జేలెన్ రామ్సీని దాటి ముందుకు వెళ్లిపోయి ఉన్నాడు. ఇంకొక్క క్షణం దొరికితే ఏమయ్యేదో అందరూ ఊహించుకోవచ్చు.

చూశారా, గోడ లేకపోబట్టే ఓడారు అని సూయెల్ పక్షం వాదన. ఆ దృశ్యాన్ని జాగ్రత్తగా చూస్తే మాత్రం గోడ కూలింది కొసన కాదు, లోపల, గార్డు దగ్గర. టాకిల్‌గా సూయెల్ ఉన్నా ఆ దెబ్బను ఆపగలిగేవాడు కాదు. నిజానికి గోడ విషయంలో ఒక మెలిక ఉంది. రిసీవర్లలో ఒక్కడు అద్భుతమైతే మిగతావాళ్లు ఓ మోస్తరుగా ఉన్నా నడుస్తుంది. గోడలో నలుగురు అద్భుతమైనా ఐదోవాడు బలహీనుడైతే ప్రత్యర్థి అక్కడే తవ్వుతాడు. అలాగైతే చవక స్థానాలైన గార్డులకూ, సెంటర్‌కూ డ్రాఫ్ట్‌లో ప్రాధాన్యం ఇవ్వాలిగా అంటే, బెంగాల్స్ ఆ తర్వాత చేసిందే జవాబు. 2022 మార్చిలో గార్డ్ అలెక్స్ కాపా, సెంటర్ టెడ్ కారస్, టాకిల్ లాయెల్ కాలిన్స్ ముగ్గురినీ ఒప్పందం ముగిసిన ఆటగాళ్ల బజారైన ఫ్రీ ఏజెన్సీలో కొనుక్కుంది. గోడను గొప్పగా మార్చుకోలేకపోయినా ఓ మోస్తరు స్థాయికి తెచ్చుకుంది, మళ్లీ సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది. గార్డులు బజారులో దొరుకుతారు. చేజ్ లాంటివాడు దొరకడు. సూయెల్‌ను ఏడో నంబరులో తీసుకున్న లయన్స్ కూడా నష్టపోలేదు. అతను 2023, 2024లలో ఆల్-ప్రో మొదటి జట్టుకు ఎంపికయ్యాడు. గడువు ముగిసే వేళకు సూయెల్ జీతం ఏడాదికి 2.8 కోట్లకు, చేజ్‌ది 4 కోట్ల పైకి చేరింది. ఇద్దరూ పైవరస స్థానాలవాళ్లే, ఎవరిని ఎంచుకున్నా మిగులే. అలాంటప్పుడు ఇద్దరిలో ఎవరు మేటి అన్న అంచనాతో తేల్చుకోవాలి గానీ, ఈ ఏడాది లోటుతో కాదు.

లోటును ఎందుకు నమ్మకూడదు

లోటు ఈ ఏటిది, ఒప్పందం నాలుగైదేళ్లది. గాయాలు, వయసు, ముగిసే ఒప్పందాలు కలిసి ఏడాది తిరిగేసరికి జట్టు ముఖచిత్రాన్నే మార్చేస్తాయి. ఫిలడెల్ఫియా ఈగిల్స్ 2019 జూన్‌లో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్‌తో నాలుగేళ్లకు 12.8 కోట్ల పొడిగింపు కుదుర్చుకుంది. పదకొండు నెలలు తిరక్కుండా 2020 డ్రాఫ్ట్ రెండో రౌండులో, 53వ నంబరులో, మరో క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ను తీసుకుంది. ఇల్లు కట్టుకున్న మర్నాడే ఇంకో ఇంటికి అడ్వాన్సు ఇచ్చినట్టుందని అభిమానులు మండిపడ్డారు. ఏడాది తిరిగేసరికి వెంట్జ్ లేడు. 2025 ఫిబ్రవరిలో హర్ట్స్ సూపర్ బౌల్ గెలిపించి, ఆ ఆటకు అత్యుత్తమ ఆటగాడయ్యాడు. గ్రీన్ బే 2005లో బ్రెట్ ఫావ్ర్ ఉండగా ఆరన్ రాజర్స్‌ను, 2020లో రాజర్స్ ఉండగా జోర్డాన్ లవ్‌ను తీసుకున్నదీ ఇదే లెక్కతోనే.

తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్ శివారు ఫ్రిస్కోలోనే కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉంది, అక్కడివారికి ఈ కథ తెలిసే ఉంటుంది. 2021లో ఆ జట్టుకు కావాల్సింది కార్నర్‌బ్యాక్. పదో వంతు వచ్చేసరికి జేసీ హార్న్ ఎనిమిదిలో, పాట్రిక్ సర్టాన్ తొమ్మిదిలో వెళ్లిపోయారు. లోటు పూడ్చాలని పట్టుబడితే ఆ తర్వాతి కార్నర్‌బ్యాక్‌ను లాక్కురావాలి. జట్టు అలా చేయలేదు. రెండు నంబర్లు దిగి, అదనపు ఎంపిక సంపాదించి, పన్నెండులో మైకా పార్సన్స్‌ను తీసుకుంది. లైన్‌బ్యాకర్‌గా వచ్చినవాడు క్వార్టర్‌బ్యాక్ మీద పడటంలో ఆరితేరి మొదటి ఏడాదే 13 శాక్‌లు చేశాడు. నాలుగేళ్లకు అతనికిచ్చింది దాదాపు 1.7 కోట్లు. 2025 ఆగస్టులో గ్రీన్ బే అతన్ని మార్పిడిలో తెచ్చుకున్నప్పుడు ఇచ్చింది ఏడాదికి 4.7 కోట్లు, దానికి తోడు రెండు మొదటి రౌండు ఎంపికలు. అతన్ని అట్టిపెట్టుకోలేకపోవడం వేరే చర్చ, ఎంపికలో తప్పు లేదు.

క్వార్టర్‌బ్యాక్ మీద జూదం

2015 నుంచి 2025 వరకు పదకొండు డ్రాఫ్ట్‌లలో మొదటి నంబరు తొమ్మిదిసార్లు క్వార్టర్‌బ్యాక్‌కే దక్కింది. మిగిలిన రెండూ కొసన దాడిచేసేవాళ్లకు, 2017లో మైల్స్ గారెట్, 2022లో ట్రవోన్ వాకర్. ఇక్కడ రెండో అభ్యంతరం వస్తుంది: ఇన్ని గురి తప్పుతుంటే ఈ స్థానం మీద ఇంత పెట్టడం తెలివా? 2021లో మొదటి పదిహేను నంబర్లలో అయిదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లారు. నాలుగేళ్లు తిరిగేసరికి తీసుకున్న జట్టులోనే మిగిలింది ట్రెవర్ లారెన్స్ ఒక్కడే. శాన్ ఫ్రాన్సిస్కో మూడో నంబరులో ట్రే లాన్స్ కోసం మూడేళ్ల మొదటి రౌండు ఎంపికలు ధారపోసింది. ఆ తర్వాతి ఏడాది డ్రాఫ్ట్‌లో చిట్టచివరి ఆటగాడిగా, 262వ నంబరులో వచ్చిన బ్రాక్ పర్డీ అదే జట్టును సూపర్ బౌల్‌కు చేర్చాడు. టామ్ బ్రేడీ 199వ నంబరు. పర్డీలూ, బ్రేడీలూ అరుదు కాబట్టే కథలయ్యారు. ఆరో రౌండులో, ఏడో రౌండులో తీసుకున్న క్వార్టర్‌బ్యాక్‌లలో చాలామంది పేర్లు ఎవరికీ గుర్తుండవు. గురి తప్పడం మాత్రం ఈ ఒక్క స్థానానికే పరిమితం కాదు. కేడ్ మేసీ, తర్వాత నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ కలిసి డ్రాఫ్ట్ మీద చేసిన పరిశోధనలో, ఒకే స్థానంలో ముందు ఎంపికైనవాడు వెంటనే తర్వాత ఎంపికైనవాడి కన్నా మెరుగ్గా ఆడే అవకాశం నూటికి 52 అని తేలింది. బొమ్మా బొరుసా అన్నంత.

ఈ అంకె నుంచి వచ్చే పాఠం క్వార్టర్‌బ్యాక్‌ను మానుకోమని కాదు. ఒకే మనిషి కోసం ఆస్తులన్నీ ధారపోసి పైకి ఎగబాకవద్దని. మీ నంబరుకు క్వార్టర్‌బ్యాక్ అందితే తీసుకోవాలి, తప్పితే మళ్లీ తీసుకోవాలి. అరిజోనా కార్డినల్స్ 2018లో పదో నంబరులో జోష్ రోసెన్‌ను తీసుకుని, ఏడాదికే పొరపాటు ఒప్పుకుని, 2019 మొదటి నంబరులో కైలర్ మర్రేను తెచ్చుకుంది. రోసెన్‌ను మయామీకి అమ్మి రెండో రౌండు ఎంపిక రాబట్టుకుంది. నవ్వినవాళ్లు నవ్వారు, లెక్కలో అది సరైన పని. 2023లో కరొలైనా పాంథర్స్ చేసింది దీనికి పూర్తిగా విరుద్ధం. మొదటి నంబరు కోసం మేటి రిసీవర్ డీజే మూర్‌తో పాటు ఎంపికల మూటను బేర్స్‌కు ఇచ్చింది. అందులో 2024 మొదటి రౌండు ఎంపిక తీరా ఆ ఏడాది మొదటి నంబరే అయింది. కేలెబ్ విలియమ్స్‌ను బేర్స్ తీసుకున్నది దాంతోనే. మేసీ, థేలర్‌ల పత్రం 2011కు ముందరి జీతాల మీద రాసినది కాబట్టి మొదటి నంబరే భారమన్న వారి మాట ఇవాళ వర్తించదు. మనిషిని కచ్చితంగా అంచనా వేయగలమన్న ధీమా మీద వారు పెట్టిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఎదురు సాక్ష్యాలు

ఈ వాదనకు గట్టి పరీక్ష 2023లో లయన్స్ పెట్టింది. మొదటి రౌండులో పన్నెండులో రన్నింగ్ బ్యాక్ జామీర్ గిబ్స్, పద్దెనిమిదిలో లైన్‌బ్యాకర్ జాక్ క్యాంప్‌బెల్, రెండో రౌండు మొదట్లో టైట్ ఎండ్ శామ్ లపోర్టా, తర్వాత సేఫ్టీ బ్రయన్ బ్రాంచ్. అన్నీ చవక స్థానాలే. విశ్లేషకులు ఏకిపారేశారు. నలుగురూ రాణించారు, జట్టు ఆ ఏడు కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది, 2024లో 15–2తో ముగించింది. అయితే అప్పటికే ఆ జట్టులో మొదటి రౌండులో వచ్చిన టాకిళ్లు టేలర్ డెకర్, సూయెల్, ఎడ్జ్ రషర్ ఎయిడన్ హచిన్సన్, రిసీవర్ జేమ్‌సన్ విలియమ్స్ ఉన్నారు, క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ మార్పిడిలో వచ్చి కుదురుకున్నాడు. ఖరీదైన గదులన్నీ నిండాక చవక గదులకు వెళ్లారు. అట్లాంటా ఫాల్కన్స్ ఈ వరసను తలకిందులు చేసింది. 2021లో నాలుగో నంబరులో టైట్ ఎండ్ కైల్ పిట్స్, 2022లో ఎనిమిదిలో రిసీవర్ డ్రేక్ లండన్, 2023లో మళ్లీ ఎనిమిదిలో రన్నింగ్ బ్యాక్ బిజాన్ రాబిన్సన్. ముగ్గురూ ప్రతిభావంతులే. బంతి విసిరేవాడు లేడు, అవతలివాడి మీద పడేవాడూ లేడు. మూడేళ్లూ 7–10. పిట్స్ తర్వాతి తొమ్మిది నంబర్లలో చేజ్, సూయెల్, సర్టాన్, పార్సన్స్ వెళ్లిపోయారు. ప్రతిభ ముందా, స్థానం ముందా అనే మూడో అభ్యంతరానికి ఇదే జవాబు: ప్రతిభలో తేడా కొండంత ఉంటే ప్రతిభే, గోరంత ఉంటే స్థానమే. డ్రాఫ్ట్ పైనంబర్లలో తేడా గోరంతేనని మేసీ, థేలర్‌ల 52 శాతం అంకె చెబుతోంది.

మరి బార్క్లీ? 2024లో ఈగిల్స్‌కు మారి, 2,005 గజాలు పరుగెత్తి, సూపర్ బౌల్ గెలిచాడు కదా అంటారు. గెలిచాడు. అయితే ఈగిల్స్ అతన్ని కొన్నది ఫ్రీ ఏజెన్సీలో, మూడేళ్లకు 3.78 కోట్లకు, ఒక్క డ్రాఫ్ట్ ఎంపికా ఖర్చు కాలేదు. అతనికి దారి చేసిన గోడలో నలుగురు డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లు. ఆ ఫైనల్లో ఈగిల్స్ అదనంగా ఒక్కరినీ పంపకుండా మామూలు నలుగురితోనే పాట్రిక్ మహోమ్స్‌ను ఆరుసార్లు శాక్ చేసింది. ఆ ముందువరసలోని జోర్డాన్ డేవిస్, జేలెన్ కార్టర్, నోలన్ స్మిత్ ముగ్గురూ 2022, 2023 మొదటి రౌండు ఎంపికలు. ఇటు పక్కన ఒక్క మేటి ఆటగాడే జట్టును గెలిపించలేడన్నదీ నిజమే. క్లీవ్‌లాండ్ టాకిల్ జో థామస్ వరసగా 10,363 బంతులకు మైదానం వదలకుండా ఆడి, ఒక్క ప్లేఆఫ్ ఆటా చూడకుండా రిటైరయ్యాడు. పైవరస స్థానాల్లోనూ మొదటిదైన క్వార్టర్‌బ్యాక్ స్థానం ఖాళీగా ఉంటే మిగతావి ఫలించవు.

ఈ సూత్రానికి హద్దులున్నాయి. మూడో రౌండు దాటాక ధరల తేడా కరిగిపోతుంది. అక్కడ గార్డు, సేఫ్టీ, రన్నింగ్ బ్యాక్ ఎవరైనా ఒకటే, ఆ ఏటి లోటు చూసుకున్నా తప్పు లేదు. ఈగిల్స్ గోడలో ఎడమ కొసన నిలబడే జోర్డాన్ మైలాటా 2018లో ఏడో రౌండులో, 233వ నంబరులో వచ్చిన ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాడు. అంతకుముందు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడే కాదు. ధరల వరసా స్థిరం కాదు. మధ్యలోంచి తోసుకొచ్చే డిఫెన్సివ్ టాకిళ్ల జీతాలు డొనాల్డ్ తర్వాత ఎగబాకాయి. బార్క్లీ సీజను తర్వాత రన్నింగ్ బ్యాక్‌లవి కూడా కొంత కదిలాయి, 2025లో లాస్ వెగాస్ ఆరో నంబరులోనే ఆష్టన్ జెంటీని తీసుకుంది. కాబట్టి ఏ జట్టయినా ఈ లెక్కను ఏటా కొత్తగా వేసుకోవాలి. మొదటి నంబరు వరకు మాత్రం మార్పేమీ రాలేదు. అక్కడ చివరిసారి ఎంపికైన రిసీవర్ 1996లో కీషాన్ జాన్సన్. చివరి రన్నింగ్ బ్యాక్ 1995లో సిన్సినాటి తీసుకున్న కి-జానా కార్టర్. అతను సీజను మొదలవకముందే మోకాలు దెబ్బతిని ఆ ఏడాదంతా ఆడలేదు.